తప్పు ఎవరిదో రాయండి

"మాఫీ చేస్తామంటే వద్దనే మనిషిని ఇంతవరకు చూడలేదండీ," అంది పార్కింగ్ కంపెనీ ఆఫీసరమ్మ.

ఎదురుగా కుర్చీ ఉన్నా లిఫ్టు మెకానిక్ కూర్చోలేదు. ఈ ఆఫీసుకు రావడం అతనికిది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా గ్రీజు మరకల యూనిఫాంతోనే వస్తాడు. గొంతు పెంచడు, అలాగని అక్కడి నుంచి కదలడు.

గొడవ చిన్నదే. మూడు వారాల కిందట ఈ కంపెనీ స్థలంలో అతని కారు ఆగింది. ఫోన్లో యాప్ తెరిచి డబ్బు కడితే రసీదు వస్తుంది. రసీదు లేని కారుకు జరిమానా. ఆ రోజు ఖాతాలోంచి డబ్బు పోయింది గాని రసీదు రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంటికి నోటీసు వచ్చింది: 'వివరాలు తప్పుగా నమోదు చేసినందున మీ చెల్లింపు అందలేదు.'

ఆ 'తప్పుగా' అన్న ముక్క దగ్గరే అతను మొండికేశాడు.

"పోనీలెమ్మని జరిమానా తీసేస్తున్నాం. ఇక్కడ సంతకం పెట్టేసి వెళ్లండి. ఇద్దరికీ తలనొప్పి వదిలిపోతుంది."

"అందులో ఏం రాశారు?"

ఆమె చదివింది. "వాహనదారు పొరపాటును ఈసారికి మన్నించి..."

"పొరపాటు మాది కాదండీ."

"మాటదేముందండీ, డబ్బు మిగిలిందిగా!"

"నాకు మాటే కావాలి."

జేబులో ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, మళ్లీ అక్కడికే వెళ్లావా?"

"ఆఁ."

"దాని మొహాన కట్టి పారేయరాదూ! అన్నిసార్లు పని వదిలేసి తిరుగుతావా దానికోసం? మరీ చాదస్తమైపోతోంది నీకు."

"సరేలే."

"పిల్లేం చేస్తోంది?"

"ఇంట్లో ఉంది."

"తిన్నదా?"

"పెట్టొచ్చాను."

బావమరిది ఇంకేదో అనబోయి ఆగి, ఫోన్ పెట్టేశాడు.

"బయటికి వినిపించిందిలెండి, మీవాళ్లదీ నా మాటే," అంది ఆఫీసరమ్మ.

మెకానిక్ నెమ్మదిగా అన్నాడు. "లిఫ్టు ఆగిపోతే మేం పుస్తకంలో రాస్తామండీ. ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది, ఎందుకాగింది, అన్నీ. తీగ తెగితే తీగ తెగిందనే రాస్తాం. లోపల ఇరుక్కున్నవాళ్లు బటన్ తప్పు నొక్కారని రాయం. మీ యాప్‌కీ అలాంటి లెక్క ఒకటుంటుంది. ఒక్కసారి చూడమనండి."

ఆమె ఉసూరుమంటూ కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేసింది. తేదీ చెప్పింది, సమయం చెప్పింది. వింటున్నకొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. ఫోన్ పెట్టేసి, చుట్టూ ఒకసారి చూసి, ముందుకు వంగింది.

"ఆ రోజు సాయంత్రం నాలుగూ ఆరు నుంచి నాలుగూ పదిహేడు దాకా మా సర్వరు పనిచేయలేదటండీ. పదకొండు నిమిషాలు. మీ ఒక్కరికే కాదు, ఇంకో ఇరవై మందికి ఇదే బాధ. మీరెన్నిసార్లు నొక్కారేంటి?"

"తొమ్మిదిసార్లు."

"తొమ్మిదా! రెండుసార్లు చూసి వదిలేసి పోవలసింది. కొంపేం మునిగింది?"

అతను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"రసీదు తీసుకునే రమ్మని చెప్పాను," అన్నాడు.

ఎవరికి చెప్పాడో ఆమె అడగలేదు. అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది. "కానీ ఇది కాగితం మీద పెట్టలేనండీ. మీకిస్తే మిగతా ఇరవై మందీ వచ్చి నా మీద పడతారు. రద్దు చేస్తాను, అంతే."

అతను జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "జరిమానా మొత్తం కట్టేస్తున్నాను. వెనక్కి అడగనని కూడా రాసిస్తాను. ఆ కాగితం ఇప్పించండి."

ఆమె మొదటిసారి అతని మొహంలోకి సరిగ్గా చూసింది. పెరిగిన గడ్డం, ఒక గుండీ వదిలేసి పై కాజాలో పెట్టిన చొక్కా. కోపం లేదు. అసలు ఏమీ లేదు. ఆమె కీబోర్డు దగ్గరకు లాక్కుంది.

"ఏం రాయమంటారు?"

"జరిగింది రాయండి. చివర్లో ఒక్క ముక్క. ఫోన్ పట్టుకున్న మనిషి తప్పు ఇందులో ఏమీ లేదని."

ఆమె రాసింది. సంతకం చేసి ముద్ర కొట్టింది. నోట్లను అతని వైపే నెట్టేసింది. అతను కాగితం రెండుసార్లు చదువుకుని, నోట్లు జేబులో కుక్కుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దున మూతపెట్టి వెళ్లిన కంచం బల్ల మీద అలాగే ఉంది. పదిహేనేళ్ల కూతురు గోడవైపు తిరిగి మంచం అంచున కూర్చుంది. అతను పక్కన కూర్చుని కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు.

"చదువు తల్లీ."

చదివింది. వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచీ చదివింది.

"నేను కారు నంబరు తప్పు కొట్టలేదా?"

"లేదమ్మా."

"త్వరగా కొట్టుంటే..."

"తొంభైసార్లు కొట్టినా వచ్చేది కాదు. వాళ్లే రాసిచ్చారు. రసీదు తెమ్మని నిన్ను కింద వదిలేసి ఆస్పత్రి మెట్లెక్కింది నేను. నీదేం లేదు."

"నేను పైకొచ్చేసరికి..." అని ఆగిపోయింది. కాగితం జారి కింద పడింది. తండ్రి భుజంలో మొహం దాచుకుని, ఊపిరాడనంతగా వెక్కుతూ ఉండిపోయింది. అతను కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి.