తోడేలు అరుపు పడ్డ అంచు

చలి ముదురుతున్న రోజుల మాట. ముళ్ళకంచె లోపల ఒక కుందేలు ఊలు నేత నేర్చుకుంటోంది. దాని మూడు పిల్లలకీ ఇంకా బొచ్చు రాలేదు. పొద్దు గుంకేలోగా మూడింటికీ సరిపడే గొంగడి కావాలి.

నేర్పేది ఈరవ్వ అనే ముసలి గొర్రె. ఊలూ దానిదే. "పోయినేడు నా ఊలు కంపని నలుగురిలో ముక్కు మూసుకున్నావు. మర్చిపోలేదే నేను," అని దెప్పుతూనే, రెండు తుమ్మకొమ్మల మధ్య నిలువు పోగులతో పడుగు కట్టింది. "అడ్డపోగు విల్లులా వదులుగా వేసి, ఆ తరవాత దువ్వెనతో కొట్టు. లాగావో, బట్ట కుంచించుకుపోతుంది."

కుందేలు తలూపింది. కానీ వాగు అవతల తోడేలు అరిచినప్పుడల్లా దాని చేతిలో పోగు బిగిసిపోయేది. మధ్యాహ్నానికి గొంగడి నడుం సన్నబడిపోయింది.

ఈరవ్వ అంచు వెంట ముక్కు పెట్టి చూసింది. "ఇదిగో, ఇక్కడ తోడేలు అరిచింది. ఇక్కడ మళ్ళీ అరిచింది. దీని కింద రెండు పిల్లలే పడతాయి. మూడోదాన్ని ఏం చేస్తావు?"

"ఇప్పుడు విప్పితే పొద్దు చాలదవ్వా!"

"విప్పు."

కుందేలు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తోడేలు వాగు దాటొచ్చి కంచె పక్కనే అరిచింది. కుందేలు పళ్ళు టకటకమన్నాయి. అయినా పోగును విల్లులా వదిలి, ఆ తరవాతే దువ్వెన వేసింది.

పొద్దు గుంకేసరికి మూడు పిల్లలూ గొంగడి కింద దూరాయి. ఈరవ్వ ఆ అంచును ఈ కొస నుంచి ఆ కొసదాకా రెండుసార్లు చూసింది.

"ఏమే, ఇందాక కంచె పక్కన అరిచింది కదా తోడేలు! అదెక్కడో నాకు దొరకటం లేదు," అంది.