వెలుగుచుక్క

వెలుగుచుక్క సీసాలు వచ్చినప్పటి నుంచి పట్నంలో చుక్క వేసి చూడకుండా ఎవరూ కూర కొనడం లేదు. చుక్క పడ్డ ఆకు నీలంగా మెరిస్తే సంచిలోకి పోతుంది. మెరుపు ఆరిపోతే అందులో విషమున్నట్టు. మురికికాల్వ పక్క మడిలో సత్తెమ్మ పండించిన పాలకూర ఆ రోజు బజారులో కట్టకట్టకూ ఆరిపోయింది. కాల్వలోకి మందుల కంపెనీ ఏం వదిలిందని అడిగే నాథుడు మాత్రం లేడు.

సత్తెమ్మ ఆ కట్టలు చెత్తకుప్పలో వేయబోతుంటే, ఇటుకలు మోసే యాదమ్మ అడ్డం వచ్చింది.

“పారెయ్యకక్కా, నాకియ్యి.”

“సోయుందా నీకు? విషమే ఇది!”

“చుక్కేస్తే మా నల్లా నీళ్లే ఆరిపోతున్నయ్. కూరొక్కటి మెరిస్తే ఏమొస్తది?”

“పిల్లలున్న ఇల్లు. నేనియ్య.” సత్తెమ్మ కట్టలన్నీ తుంచి పారేసింది.

“పెద్ద పున్నాత్మురాలివే! మరి పోరగాండ్లకు ఇయ్యాల ఏం పెట్టాలె?”

సత్తెమ్మకు మనసు చివుక్కుమంది. తన సద్దిగిన్నె ఇచ్చేద్దామని మూత తీసి, అట్లాగే ఆగిపోయింది. పొద్దున అదే మడిలో కోసిన పాలకూరతో వండిన పప్పు అది. ఇంట్లో మనవరాలు ఈపాటికి తినేసి ఉంటుంది. అమ్మే కూరకు చుక్క వేయించుకోవడమే గాని, వండుకునే కూరకు వేసి చూడాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.