ఇరవై కిలోల రాయి

"అరకిలో ఎక్కువుందమ్మా. తేడా ఎంతైనా తేడాయే. రాష్ట్ర పోటీలకి పంపలేను," అన్నారు కుస్తీ మాస్టారు అబ్బులుగారు.

రేవతి తల దించుకుని కాటా దిగింది.

పాతికేళ్ల కిందట ఇదే బడిలో ఇవే మాటలు విని దిగినవాడు, ఇప్పుడు పక్కనే నిలబడ్డ ఆమె తండ్రి దొరబాబు. పొద్దున తన కొబ్బరి కొట్లో తూచినప్పుడు పిల్ల బరువు సరిగ్గానే ఉంది. అతను వీధి చివరున్న ఆ కొట్టుకి వెళ్లి ఇరవై కిలోల తూకపు రాయి మోసుకొచ్చి, బడి కాటా మీద పెట్టాడు.

ముల్లు ఇరవైన్నర దగ్గర ఆగింది.

మాస్టారు కంగారు పడలేదు. "ఈ బరువులో ఒక్కరినే పంపాలి. ఆ రెండో పిల్లకి ఈ పోటీ తప్ప వేరే దారి లేదురా. రేవతికి నీ కొట్టుంది."

"మా నాన్నకి కొట్టుందనేనాండీ, అప్పుడు నన్నాపి మురళీమోహన్‌ని పంపేరు?"

"వాడికెవరున్నార్రా?"

దొరబాబు ఆ ముల్లు మీద వేలు పెట్టి చూపించాడు.

"తేడా ఎంతైనా తేడాయే అన్నారు. ఆ మాట పట్టుకునే మామిడికుదురు రైతుల దగ్గర ఇన్నేళ్లూ కాటా తప్పలేదండి నేను."

రాయిని కాటా మీంచి దించి మాస్టారి ముందు పెట్టాడు.

"ముల్లు సరిచేసి ఇద్దరు పిల్లల్నీ మళ్లీ తూచండి. ఈ రాయి మీరే ఉంచుకోండి. నాకు మీ మాట ఉంది."