కళ్ల కాపలా

లారీలు మనుషుల్లేకుండా తిరిగే రోజులొచ్చినా, ఆగివున్న అమ్మోనియా ట్యాంకరు మీద ఒక మనిషి చూపు ఉండితీరాలన్న నిబంధన మాత్రం పోలేదు. మూడు లెక్కపెట్టేలోగా చూపు తిరిగి రాకపోతే ట్యాంకరు కేక పెడుతుంది. ఆ కేకకు చుట్టుపక్కల లారీలన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి, కాపలా మనిషి ఉద్యోగం ఊడుతుంది.

తగరపువలస దాటాక హైవే పక్కన కుర్చీలో పైడితల్లి పొద్దుట్నుంచీ కాళ్లూపుకుంటూ ట్యాంకరునే చూస్తోంది. మొగుడు సింహాద్రి క్యారేజీతోపాటు పాపనూ తెచ్చాడు.

"ఒలే, పిల్ల నడిసేత్తంది! ఓపాలి ఇటు సూడే!"

"సూత్తే సూపు మల్లదు, పని పోద్ది. నువ్వు సూడు, పడిపోద్దేమో."

అయినా మనసాగక, ట్యాంకరు అద్దంలాంటి ఒంట్లో పాపను వెతుక్కుంది. కనిపించింది. సింహాద్రి వంగి క్యారేజీ విప్పుతున్నాడు. అతని వెనక పాప రోడ్డెక్కేసింది. నడుమెత్తు లేనిదేదీ దూసుకొచ్చే లారీల కంటికి ఆనదు. పరుగెత్తినా అందదు.

పైడితల్లి కళ్లు గట్టిగా మూసుకుంది. ఒకటి. రెండు. మూడు.

ట్యాంకరు కేక పెట్టింది. ఆ కేక ఆగేదాకా ఆమె కళ్లు తెరవలేదు. ఆగాక, కదలని లారీల మధ్య పాప గజ్జెల చప్పుడొక్కటే నడుస్తోంది.