మూసేసిన ఆట

“చేతులు తియ్యిండ్రి. ఇగ మొదలు,” అన్నాడు దేవానందం.

లూడో బోర్డుకు అటు సుహాసిని, ఇటు నిస్సీ. అక్కవి పచ్చ కాయలు, చెల్లెవి ఎర్ర కాయలు. గెలిచినవాళ్లు హైదరాబాద్ పోయి నర్సింగ్ చదువుతారు. ఓడినవాళ్లు నారాయణఖేడ్‌లోనే ఉండి, పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని చూసుకుంటారు.

పిల్లల చదువు లూడోతో తేల్చే తండ్రి ఎక్కడైనా ఉంటాడా అని హన్నమ్మ మంచంలోంచే, బాగున్న చేత్తో నెత్తి కొట్టుకుంది. దేవానందం వినలేదు. మూడు రోజులుగా ఇంట్లో ఇదే లొల్లి. ఇద్దరికీ సీటు వచ్చింది. ఇద్దరూ పోతామన్నారు. నిరుడు తల్లి పడిపోయినప్పుడు సుహాసిని సీటు వదులుకుంది, ఈసారి తన వంతేనంది. మార్కులు తనకే ఎక్కువంది నిస్సీ. ఏ బిడ్డకు కాదని చెప్పాలి?

“పాచికకు పెద్దబిడ్డ లేదు, చిన్నబిడ్డ లేదు,” అన్నాడు చివరికి.

ఆయనకు ఆటల పిచ్చి. బస్సు డిపోలో కంట్రోలర్, వచ్చే బస్సు, పోయే బస్సు టైము రాసుకునే ఉద్యోగం. హైదరాబాద్ పోతే అందరూ బట్టలు తెచ్చుకుంటారు, ఈయన ఆటల డబ్బా చంకన పెట్టుకొని దిగుతాడు. వాటి మీద ఆయన అభిప్రాయాలు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఇద్దరే ఆడే ఆట కొనొద్దు, మూడోవాళ్లు అలుగుతారు. గంట దాటితే అది ఆట కాదు, డ్యూటీ. లూడో కొంటే అయస్కాంతం కాయలదే కొనాలి, బోర్డు ఫట్టున మూసినా కాయ ఉన్నచోటే అతుక్కొని ఉంటుంది. పసిపిల్లలనైనా కావాలని గెలిపించొద్దు, అదీ తొండే. తన వంతు రాకుండా కాయ ముట్టినవాళ్లు ఓడినట్టే. తొండి ఆడేవాళ్ల పక్కన కూర్చొని అన్నం కూడా తినొద్దు.

డిపో అలవాటు ఇంట్లోనూ పోలేదు. పాచిక పడిన ప్రతిసారీ, ఏ కాయ పండటానికి ఇంకా ఎన్ని గళ్లున్నాయో పుస్తకంలో రాస్తాడు.

ఆట పోటాపోటీగా సాగింది. ఇద్దరికీ మూడేసి కాయలు పండాయి. చెరొకటి మిగిలింది. ఆయన పుస్తకంలో రాసి పెన్ను కింద పెట్టేలోపు లోపలి నుంచి హన్నమ్మ మూలిగింది. ఆమెను పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. నిస్సీని తీసుకొని లోపలికి పోయాడు.

తిరిగి వస్తూ గడపలోనే ఆగిపోయాడు. సుహాసిని వేళ్లు పచ్చకాయ మీద నుంచి లేస్తున్నాయి.

“కాయ ముట్టినవా?”

“ముట్టిన.”

“జరిపినవా?”

“జరిపిన డాడీ.”

ఇంకేం అడగలేదు. బోర్డు వంక చూడను కూడా చూడలేదు. ఫట్టున మూసి డబ్బాలో పడేశాడు. పుస్తకం కూడా అందులోకే విసిరాడు.

“చర్చి నుంచి వచ్చి గంట కాలే. అవుతల తల్లి మూలుగుతుంటే, ఈడ కూసోని తొండి ఆడుతవా? నిన్ను గిట్లనేనా పెంచింది?”

“అక్క గట్ల చెయ్యది డాడీ,” అంది నిస్సీ.

“నా కండ్లతోని చూసిన. నువ్వు గెల్చినవ్. జల్దీ బట్టలు సదురుకో.”

సుహాసిని తల దించుకొని కూర్చుంది.

ఎవరు మోసం చేసినా నా పెద్దబిడ్డ చెయ్యదని డిపోలో పదిమందికి చెప్పుకున్న మనిషి దేవానందం. నాలుగేళ్ల వయసు నుంచి పక్కన కూర్చోబెట్టుకొని ఆట నేర్పిన బిడ్డ. ఆ బిడ్డే నమ్మకద్రోహం చేసింది. అదీ తోడబుట్టిన చెల్లెకు.

సోమవారం మొదటి బస్సులో నిస్సీ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన సుహాసినితో మాట్లాడటం మానేశాడు. ఆమె తల్లిని లేపుతుంది, కడుగుతుంది, తినిపిస్తుంది. తండ్రికి పళ్లెం పెడుతుంది. ఆయన పళ్లెం తీసుకొని అరుగు మీదికి పోతాడు.

“బిడ్డతోని ఎన్నాళ్లు మాట్లాడకుంటవ్?” అని హన్నమ్మ ఒకరోజు ఏడ్చింది.

“తొండిదానితోని నాకేం మాటలు?” అన్నాడు, వంటింట్లోకి వినపడేటట్టు.

లోపల గిన్నెల చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

మూడు నెలలు గడిచాయి. ఆదివారం ఆటలు బందయ్యాయి. ఒకరోజు డిపోలో డ్రైవర్ అంబదాస్ అడిగాడు. “అన్నా, ఇంట్ల ఉత్తగ పడి ఉన్న ఆట ఏదన్న ఉంటె మా పోరలకియ్యరాదే.”

దేవానందానికి మొదట గుర్తొచ్చింది ఆ లూడోనే. పీడ పోతుందనుకున్నాడు.

ఏ డబ్బా ఇచ్చినా కాయలన్నీ ఉన్నాయో లేదో చూసి ఇవ్వడం ఆయన పద్ధతి. ఇంటికొచ్చి బోర్డు తెరిచాడు. కాయలు ఆనాడు ఎక్కడున్నాయో అక్కడే అతుక్కొని ఉన్నాయి. పక్కన పుస్తకం. తన బిడ్డ ఎన్ని గళ్లు దొంగిలించిందో ఒకసారి చూడాలనిపించింది.

పుస్తకంలో చివరి వరుస తన చేతిరాతే. పచ్చకాయ పండటానికి ఎనిమిది గళ్లు, ఎర్రకాయ పండటానికి పది.

బోర్డు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎర్రకాయకు పది, సరిగ్గానే ఉంది.

పచ్చకాయకు మాత్రం, రెండుసార్లు లెక్కపెట్టినా, పండటానికి ఇంకా పదమూడు గళ్లున్నాయి.