పచ్చ టిక్కు

కిందటి చలికాలం హాల్వర్ చేపలు పట్టబోయి, సరస్సు మీది మంచు విరిగి మునిగిపోయాడు. మనిషి దొరికాడు గానీ జేబులోని ఫోను దొరకలేదు. అతని భార్య ఇన్‌గ్రిడ్ ఆ నంబరు తీసేయించలేదు. మోసగాళ్లు తమ దొంగ కాల్స్ ఆ నంబరు నుంచే వస్తున్నట్టు చూపించసాగారు. తన ఫోనులో మొగుడి పేరు వెలిగినప్పుడల్లా ఆమె ఎత్తేది. “మీ కారు వారంటీ అయిపోయింది” అంటూ మొదలయ్యే మర గొంతును చివరిదాకా వినేది.

ఈ చలికాలం ఒక రాత్రి, ఆమె పనిచేసే టెలిఫోన్ సహకార సంఘంలో కొత్త పద్ధతి మొదలుపెట్టబోతున్నారు. కాల్ నిజంగా ఆ నంబరు ఫోను నుంచే వస్తే పక్కన పచ్చ టిక్కు పడుతుంది. దొంగ కాలైతే దారిలోనే ఆగిపోతుంది.

“పీడ విరగడైందిలే అక్కా! ఇక మీ ఆయన పేరు చెప్పుకుని ఏ వెధవా ఫోను చెయ్యలేడు,” అన్నాడు తోటి ఉద్యోగి డ్వేన్, కోటు తొడుక్కుంటూ.

“పీడని నేనన్నానా?” అంది ఇన్‌గ్రిడ్.

అతను వెళ్లిపోయాడు. కొత్త పద్ధతిని మొదలుపెట్టే మీట ఆమే నొక్కింది. బయట మంచు చప్పుడు లేకుండా కురుస్తోంది.

ఫోను మోగింది. హాల్వర్. పక్కన పచ్చ టిక్కు.

ఎత్తింది. మర గొంతు లేదు. ఎక్కడో పైన మంచు కిర్రుమంటోంది. నీళ్లు దాన్ని కిందినుంచి మెల్లగా తడుతున్నాయి.

చాలాసేపు వింది.

“కారు గురించైనా సరే, ఏదో ఒకటి మాట్లాడు, హాల్వర్.”