లోపలి తోపు

ఎస్సెల్సీ సైన్సు పరీక్షకు పిల్లల్ని తీసుకెళ్తున్న బస్సు నందిగామ ఇంకా రెండు మైళ్ళుందనగా ఆగిపోయింది. అందరూ దిగి తొయ్యాలన్నాడు డ్రైవరు.

బడి కమిటీ ప్రెసిడెంటు వెంకటరత్నం తప్ప అందరూ దిగారు. ఆయన సంతకం పడితేనే సైన్సు మాస్టారు కృపారావు ఉద్యోగం ఖాయమవుతుంది. అందుకని ఆయన్ని దిగమనే ధైర్యం మాస్టారికి లేదు.

"నేనూ తోస్తున్నాలేవయ్యా!" అంటూ వెంకటరత్నం కూర్చున్న చోటు నుంచే ముందు సీటు కడ్డీ పట్టుకుని నెట్టడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది కూడా.

వెనక నుంచి తోస్తున్న పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. బండిలో కూర్చుని బండిని కదిలించలేరని, బలం బయటి నుంచి రావాలని కృపారావు ఆ వారమే పాఠం చెప్పాడు. తను కూర్చున్న కుర్చీని తనే ఎత్తబోయి మరీ చూపించాడు.

చివరికి బస్సు కదిలింది. ఇంజను అందుకుంది. దుమ్ము కొట్టుకుపోయిన పిల్లలు రొప్పుతూ ఎక్కారు.

"నేను చెయ్యేసేదాకా కదిలిందా ఇది?" అన్నాడు వెంకటరత్నం మీసం తుడుచుకుంటూ. "ఏం కృపారావూ, నీ సైన్సు ఏమంటదయ్యా?"

పిల్లలంతా మాస్టారి వైపు చూశారు.

"తమరి తోపుకే కదిలిందండి," అన్నాడు కృపారావు.

నందిగామలో దిగాక, భయపడకుండా రాయమని మాస్టారు అందరికీ చెబుతుంటే ఒకమ్మాయి అరచేతుల మసి ఓణీకి తుడుచుకుంటూ అడిగింది.

"ఏది రాయమంటారు మాస్టారూ? క్లాసులో చెప్పిందా, బస్సులో చెప్పిందా?"